పెన్షన్ సాఫ్ట్‌వేర్ బయటి కంపెనీకి ఇస్తున్నారు, సెక్షన్‌లోని 14 మంది సంగతి ఎవరూ అడగడం లేదు

పెన్షన్_సెక్షన్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ శాఖలో పెన్షన్ చెల్లింపుల విభాగంలో పనిచేస్తున్నాను. మా సాఫ్ట్‌వేర్ రాసింది, ఇరవై ఏళ్లుగా నడుపుతున్నది మా కంప్యూటర్ సెక్షన్ వాళ్లే. ఇప్పుడు దాన్ని మొత్తంగా బయటి కంపెనీకి అప్పగించాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. టెండర్ ముసాయిదా మీద ఇప్పటికి మూడు మీటింగులయ్యాయి. సర్వర్ ఎక్కడ పెట్టాలి, సిస్టమ్ ఆగిపోతే ఎన్ని గంటల్లో బాగుచేయాలి, ఆలస్యమైతే పెనాల్టీ ఎంత అన్నవన్నీ మాట్లాడారు. సెక్షన్‌లో ఉన్న 14 మంది ఏమవుతారు, వాళ్లకు తెలిసినది కంపెనీకి ఎలా చేరుతుంది అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. నేనే అడిగితే "అది ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్ల విషయం, తర్వాత చూద్దాం" అన్నారు.

నాకైతే అసలు విషయమే అది అనిపిస్తోంది. పది రోజుల్లో నోట్ పెట్టాలి. ఊరికే అభిప్రాయం రాస్తే ఫైల్లో మూలన పడిపోతుంది. ఇలాంటివి దగ్గరగా చూసినవాళ్లు ఏం జరిగిందో చెప్పండి. ఉద్యోగుల వల్ల నిలబడినవి ఏవి, పడిపోయినవి ఏవి?


మైగ్రేషన్_మనిషి

నేను అవతలి పక్షం వాణ్ని. కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల్లో పాత డేటాను కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించే పని చేస్తాను. ఇది నా నాలుగో ప్రాజెక్టు. రెండోదాంట్లో జరిగింది చెబుతాను.

పాత డేటాలో ప్రతి కేసుకీ ఒక స్టేటస్ కోడ్ ఉండేది. మాన్యువల్‌లో 1 నుంచి 6 వరకే ఉన్నాయి. డేటాలో మాత్రం కొన్ని వందల కేసులకు 77 అని ఉంది. అధికారిని అడిగాం. ఆయన మాన్యువల్ తిరగేసి, అలాంటి కోడ్ లేదు, టైపింగ్ తప్పయి ఉంటుంది అన్నారు. రాతపూర్వకంగా కూడా ఇచ్చారు. మేం 77లన్నింటినీ 1గా మార్చేశాం. అంటే మామూలుగా నడుస్తున్న కేసు అని.

కొత్త సిస్టమ్ మొదలైన మూడో వారంలో ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్‌లో కోర్టు కాగితం పెట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చారు. రికవరీ ఆపమని స్టే ఉంటే నోటీసు ఎందుకు పంపారని అడిగారు. ఆ వారంలో అలాంటివాళ్లు చాలామంది వచ్చారు. 77 అంటే "కోర్టులో ఉంది, కదిలించొద్దు" అట. పన్నెండేళ్ల కిందట ఒక సీనియర్ అసిస్టెంట్ మొదలుపెట్టిన కోడ్ అది. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి ఆయనే ఒక దారి చూసుకున్నారు. మేం రావడానికి నెల ముందు ఆయన్ను వేరే సెక్షన్‌కు మార్చారు. కూర్చునేది అదే బిల్డింగులో కింది అంతస్తులో. మేం అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆయన దగ్గరికి వెళ్తే రెక్సిన్ అట్ట ఉన్న ఒక నోట్‌బుక్ తీశారు. అందులో 77 ఒక్కటే కాదు, అలాంటివి ఇంకో పదకొండు ఉన్నాయి. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు ఏ తేదీ వేశారు, ఇద్దరు వారసులుంటే రెండో పేరు ఏ కాలమ్‌లో దూర్చారు, అన్నీ ఆయన చేతిరాతలో. ఆయనతో నాలుగు రోజులు కూర్చున్నాం. మూడు నెలల స్టడీలో దొరకనిది ఆ నాలుగు రోజుల్లో దొరికింది. ఆ పెద్దాయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయనకు జరిగినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది.

మీ నోట్‌లో మొదటి వాక్యమే ఇది రాయండి: సిస్టమ్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, దాన్ని నడిపించినవాళ్లు దానికి వేసుకున్న అతుకులు కూడా. కాంట్రాక్టులో సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఆ అతుకులు ఉండవు.


ఇరవయ్యేడేళ్లు

అలాంటి నోట్‌బుక్ నా దగ్గరా ఉంది. 27 ఏళ్ల సర్వీసు నాది. ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి అంటాను.

మా ఆఫీసులోనూ రెండేళ్ల కిందట ఇలాగే కంపెనీ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని నా పక్కన కూర్చుని "సార్, మీరు చేసేది ఒక్కొక్కటీ చెప్పండి" అన్నారు. మంచి పిల్లలు. కానీ ఆ పని అయ్యాక నన్నేం చేస్తారో అప్పటికి ఎవరూ చెప్పలేదు. ట్రాన్స్‌ఫరా, వేరే క్యాడరా, మిగులు సిబ్బంది జాబితాలో వేస్తారా, ఏమీ తెలియదు. నా గొయ్యి నన్నే తవ్వమన్నట్టు అనిపించింది. అడిగినదానికే జవాబు చెప్పాను, అడగనిది చెప్పలేదు. అబద్ధం మాత్రం ఒక్కటి కూడా ఆడలేదు.

అది తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. దాని వల్ల ఇబ్బంది పడింది కంపెనీ కాదు, జనం. కానీ ఆ రోజుల టెన్షన్‌లో అంత ఆలోచన రాలేదు. మా ఇంకో అసిస్టెంట్ అయితే ఆ ఆరు నెలలూ సెలవు మీద సెలవు పెట్టాడు. ఉద్యోగులు సహకరించడం లేదని మీటింగ్ మినిట్స్‌లో ఎక్కింది. ఎందుకు సహకరించడం లేదో ఎక్కలేదు.

మీ 14 మందికి ఏం జరుగుతుందో ముందు కాగితం మీద చెప్పించండి. ఆ తర్వాత నోట్‌బుక్ అడగండి. వరస తిరగబడితే నోట్‌బుక్ బయటికి రాదు.


పౌరపాలన_విద్యార్థి

ప్రభుత్వ పాలన మీద పరిశోధన చేస్తున్నాను. మీ నోట్‌కు బలం ఇచ్చే రెండు ఉదాహరణలు. రెండూ జీతాల సాఫ్ట్‌వేర్లే, కాబట్టి మీ పెన్షన్ పనికి బాగా దగ్గర.

మొదటిది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖ. ప్రధాన కాంట్రాక్టర్ ఐబీఎం. కొత్త జీతాల సిస్టమ్ 2010 మార్చిలో మొదలైంది. దాదాపు 78,000 మంది జీతాలు దాని మీద ఆధారపడ్డాయి. కొందరికి ఎక్కువ పడింది, కొందరికి తక్కువ, కొందరికి అసలు పడలేదు. అక్కడ 200కు పైగా అలవెన్సులున్నాయి. షిఫ్టులు, ఒప్పందాలు కలిపితే జీతం లెక్కకు 24,000 రకాల కలయికలు వస్తాయని చెప్పేవారు. ఇన్ని మినహాయింపులు ఏ రూల్ పుస్తకంలోనూ ఒక్కచోట ఉండవు. లెక్కలు వేసే సిబ్బంది తలల్లో ఉంటాయి. తప్పులు దిద్దడానికి చివరకు చేత్తో లెక్కలు చూసేవాళ్లను వందల సంఖ్యలో అదనంగా పెట్టాల్సి వచ్చింది. 2013లో విచారణ కమిషన్ నివేదిక ఇచ్చింది. మొత్తం ఖర్చు 120 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా పోతుందని అంచనా. కంపెనీనే కాదు, తమకు ఏం కావాలో సరిగ్గా చెప్పలేకపోయిన ప్రభుత్వాన్ని కూడా కమిషన్ తప్పుపట్టింది.

రెండోది కెనడా. ఫీనిక్స్ అనే సిస్టమ్, మొదటి దశ 2016 ఫిబ్రవరి. వేర్వేరు శాఖల్లో జీతాలు చూసే సలహాదారుల పోస్టులు దాదాపు 1,200 తీసేసి, మిరమిషి అనే చిన్న పట్టణంలో ఒకే కేంద్రం పెట్టి అక్కడ సుమారు 550 మందిని పెట్టారు. ఏడాదికి 7 కోట్ల కెనడియన్ డాలర్లు మిగులుతాయని లెక్క. అనుభవం ఉన్నవాళ్లలో చాలామంది అక్కడికి వెళ్లలేదు. సిస్టమ్ మొదలయ్యేసరికి పాతవాళ్లు లేరు, కొత్తవాళ్లకు పని రాదు. పైగా బడ్జెట్ సరిపోదని 984 పనుల్లో వందకు పైగా పక్కన పెట్టేశారు, ఒక శాఖలో ముందుగా నడిపి చూద్దామన్న ప్రయోగాన్నీ రద్దు చేశారు. ఆడిటర్ జనరల్ 2018లో దీన్ని అంతుపట్టని వైఫల్యం అన్నారు.

ఫీనిక్స్‌లో సాఫ్ట్‌వేర్ లోపాలు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. కానీ లోపాలు బయటపడినప్పుడు చేత్తో సరిదిద్దగలిగిన మనుషుల్ని ముందే పంపేశారు. చిన్న లోపం పెద్ద కష్టమైంది అందుకే.


సూటిమాట

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో వైపు చెబుతాను. రెక్సిన్ నోట్‌బుక్ గురించి చదువుతుంటే నాకు మనసు కరగలేదు, కోపం వచ్చింది. కోర్టు స్టే ఉన్న కేసులకు ప్రభుత్వ రికార్డులో అధికారికంగా ఒక కోడ్ లేకపోవడం, అది ఒక మనిషి సొంత పుస్తకంలో పన్నెండేళ్లు ఉండిపోవడం మంచి విషయమా? ఆయనకు ఏదైనా అయితే ఏమిటి గతి? కొన్ని సెక్షన్లలో తెలిసిన విషయం చెప్పకుండా దాచుకోవడమే అధికారం. ఆ మనిషి సెలవులో ఉంటే ఫైలు కదలదు.

బయటి కంపెనీ వచ్చాక బాగుపడిన చోట్లు లేవా? భారత పాస్‌పోర్ట్ సేవలే చూడండి. టీసీఎస్ వచ్చాక అపాయింట్‌మెంట్, టోకెన్, అంతా ఒక పద్ధతిలోకి వచ్చింది. పాతవాళ్ల చేతిలోనే ఉంచి ఉంటే అది జరిగేదా?


పౌరపాలన_విద్యార్థి

సూటిమాట గారూ, పాస్‌పోర్ట్ ఉదాహరణ మంచిది. కానీ దాన్ని ఇంకొంచెం దగ్గరగా చూడండి. 2008లో ఒప్పందం జరిగింది. సేవా కేంద్రంలో ఏ, బీ, సీ అని మూడు రకాల కౌంటర్లుంటాయి. ఏ కౌంటర్‌లో కంపెనీ సిబ్బంది ఫోటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, కాగితాలు స్కాన్ చేస్తారు. బీలో కాగితాలు పరిశీలించేది ప్రభుత్వ ఉద్యోగి. సీలో పాస్‌పోర్ట్ ఇవ్వాలా వద్దా అని తేల్చేదీ ప్రభుత్వ అధికారే. అంటే నిర్ణయం ఎవరిది, పని ఎవరిది అన్న గీత ఒకే హాల్లో మూడు కౌంటర్లుగా కంటికి కనిపిస్తుంది. ఉద్యోగులు ఏమవుతారన్న ప్రశ్నకు జవాబు ఆ డిజైన్‌లోనే ఉంది. పెన్షన్_సెక్షన్ గారి టెండర్‌లో లేనిది అదే.


సూటిమాట

అది ఒప్పుకుంటాను. అయితే నోట్‌బుక్ గురించి నేను అన్నది అలాగే ఉంది.


మైగ్రేషన్_మనిషి

మీ కోపం సరైనదే. కానీ ఆ అసిస్టెంట్ మాకు చూపించిన ఇంకో కాగితం గురించి చెప్పాలి. ఆ కోడ్‌ను అధికారికంగా చేర్చమని ఆయన రెండుసార్లు రాసిన నోట్‌ల కాపీలు ఆయన దగ్గరే ఉన్నాయి. రెండింటి మీదా "చూడబడినది" అని సంతకం ఉంది. తర్వాత ఏమీ జరగలేదు. దాచుకునేవాళ్లు ఉంటారు, కాదనను. నేను చూసినంతలో మాత్రం ఎక్కువమంది అడిగేవాళ్లు లేక మోస్తున్నవాళ్లే.


కౌంటర్_నంబర్_4

నేను ప్రోగ్రామర్ని కాదు, కౌంటర్‌లో కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఉద్యోగిని. మా మాట కూడా వినండి.

మా ఆఫీసులో కొత్త సిస్టమ్‌కు యూఏటీ అని పెట్టారు. అంటే వాడేవాళ్లు వాడి చూసి బాగుందని సంతకం పెట్టాలి. మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. పది డమ్మీ కేసులు ఇచ్చారు. అన్నీ నున్నగా ఉన్న కేసులు, ఒక్కదాంట్లోనూ పేరు తేడా లేదు, చిరునామా మారలేదు. మా దగ్గరికి రోజూ వచ్చే కేసుల్లో సగం అలా ఉండవు. "మా పాత కేసులు పెట్టి చూస్తాం" అన్నాను. "మేడమ్, సాయంత్రానికి రిపోర్టు వెళ్లాలి, ఇవాళ సంతకం పెట్టండి, మార్పులు తర్వాత చేస్తారు" అన్నారు. మా అధికారి కూడా పెట్టమ్మా అన్నారు. పెట్టాను.

మొదటి రోజే తెలిసింది, పేరు సరిచేయాలంటే ఆరు స్క్రీన్లు దాటాలి, పైగా ఆ ఆప్షన్ సూపరింటెండెంట్ లాగిన్‌లోనే ఉంది. ఆయనకు రోజంతా మీటింగులు. రెండు వారాల్లో ఆయన పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి మా టేబుల్ గ్లాసు కింద పెట్టేశారు. నలుగురం అదే వాడాం. భద్రతకు ఎంత ఖర్చు పెట్టారో నాకు తెలియదు, ఆ చీటీ ముందు అదంతా పోయింది. పక్కన ఎక్సెల్‌లో పాత పద్ధతిలో ఇంకో లెక్క కూడా రాసుకున్నాం. ఒక్కో పని రెండుసార్లు.

ఉద్యోగులు కొత్తదాన్ని ఒప్పుకోరు అంటారు. మేం ఒప్పుకోనిది కొత్తదాన్ని కాదు. క్యూలో నిలబడ్డ మనిషికి "సిస్టమ్ తీసుకోవడం లేదండీ" అని రోజుకు ముప్పైసార్లు చెప్పాల్సింది మేమే. తిట్లు పడేది మాకే, కాంట్రాక్టు రాసినవాళ్లకు కాదు.


బిల్లు_సెక్షన్

చివరకు డబ్బు నా టేబుల్ మీదికే వస్తుంది కాబట్టి నా వైపు నుంచి.

అవుట్‌సోర్సింగ్ అయిన రోజు అందరూ ఉద్యోగుల పని తగ్గిందనుకుంటారు. పని తగ్గదు, రకం మారుతుంది. నిన్నటిదాకా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఇవాళ్టి నుంచి అవతలివాళ్లు రాసింది సరిగ్గా ఉందా, అడిగిన ధర సబబేనా అని చూడాలి. ఆ మనిషే లేకపోతే కంపెనీ ఇచ్చిన కాగితమే మనకు ప్రమాణం అయిపోతుంది.

మా దగ్గర ఒక ఫారంలో ఒక కొత్త గడి చేర్చాలంటే కంపెనీ చేంజ్ రిక్వెస్ట్ పెట్టింది, 40 మ్యాన్‌డేస్ అని, అంటే ఒక మనిషి 40 రోజులు చేసే పని. అప్పటికి మా పాత సెక్షన్ నుంచి ఒక ప్రోగ్రామర్ మిగిలి ఉంది. ఆవిడ చూసి, డేటాబేస్ టేబుల్లో ఒక కాలమ్, ఒక స్క్రీన్, ఒక రిపోర్టు, టెస్టింగ్‌తో కలిపి ఆరు రోజుల పని అని రాసింది. కంపెనీ వాళ్లతో కూర్చుని లైన్ లైన్ మాట్లాడితే తొమ్మిది రోజులకు ఒప్పుకున్నారు. వాళ్లు మోసగాళ్లని కాదు, అడిగేవాళ్లుంటే లెక్క జాగ్రత్తగా వేస్తారు. ఏడాది తర్వాత ఆవిడకు ట్రాన్స్‌ఫర్ అయింది. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి రిక్వెస్టూ వచ్చిన అంకెతోనే పాసవుతోంది. సంతకం నాది. నాకు కోడ్ చదవడం రాదు. ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

పెద్ద ఉదాహరణ కావాలంటే బ్రిటన్ పన్నుల శాఖ. 1994లో ఈడీఎస్ కంపెనీకి పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చి, దాదాపు 2,000 మంది ఐటీ సిబ్బందిని అటు పంపారు. 2004లో ఆ పని క్యాప్‌జెమినీ అనే ఇంకో కంపెనీకి మారింది. 2017లో ఆ ఒప్పందం ముగిసేసరికి చాలా పనిని, మనుషుల్ని మళ్లీ శాఖలోకే తెచ్చుకోవాల్సి వచ్చింది. చెయ్యడం మానేస్తే తెలియడం కూడా మెల్లగా పోతుంది. తిరిగి కూడగట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇరవయ్యేడేళ్లు గారు అడిగిన కాగితం సంగతికి కూడా అక్కడ ఒక పద్ధతి ఉంది. పని ఒక యజమాని నుంచి ఇంకొకరికి మారితే ఉద్యోగి పాత సర్వీసు, జీతం షరతులు అలాగే వెంట వెళ్లాలని 1981 నుంచే నిబంధనలున్నాయి, 2006లో వాటిని మళ్లీ రాశారు. టీయూపీఈ అంటారు. చట్టం లేని చోట కాంట్రాక్టులోనైనా అలాంటి షరతు పెట్టొచ్చు.


ఏజెన్సీ_ఉద్యోగి

అందరూ పర్మినెంట్ ఉద్యోగుల గురించే రాస్తున్నారు. మన వాడుకలో "అవుట్‌సోర్సింగ్" అనగానే గుర్తొచ్చేది నాలాంటివాళ్లం. ఏజెన్సీ ద్వారా వచ్చి ప్రభుత్వ ఆఫీసులోనే కూర్చుని పనిచేస్తాం. పని మొత్తాన్ని కంపెనీకి ఇవ్వడం వేరు, మనుషుల్ని ఏజెన్సీ నుంచి తెచ్చుకోవడం వేరు. మీటింగుల్లో రెండూ కలిపేస్తారు.

ఐదేళ్లుగా ఒక శాఖ డేటాబేస్ నేనే చూస్తున్నాను. ఈ ఐదేళ్లలో ఏజెన్సీ మూడుసార్లు మారింది. మారినప్పుడల్లా మళ్లీ కొత్తగా చేరినట్టే, ఇంక్రిమెంట్ మొదటికే వస్తుంది. నాతో చేరినవాళ్లు ఏడుగురు. ఇప్పుడు నేనొక్కణ్నే ఉన్నాను. ఆ ఆరుగురూ పని నేర్చుకున్నాక వెళ్లిపోయినవాళ్లే. బ్యాకప్ ఎలా తీయాలో, రాత్రిపూట దానంతటదే నడిచే ప్రోగ్రామ్‌లలో ఏ రాత్రి ఏది ఆగిపోతే ఎక్కడ చూడాలో చెప్పే కాగితం ఒక్కటి కూడా లేదు, రాయమని అడిగినవాళ్లూ లేరు. నేను సొంతంగా రాస్తున్నాను, రాత్రిళ్లు. రేపు నేను లేకపోతే ఎవరో ఇబ్బంది పడతారు కదా.

పెన్షన్_సెక్షన్ గారూ, కంపెనీ పంపే మనుషుల గురించి కూడా టెండర్‌లో రాయండి. ముఖ్యమైన నలుగురైదుగురు కనీసం ఇంతకాలం ఉండాలి, వెళ్తే కొత్తవాళ్లు కనీసం నెల రోజులు పక్కన కూర్చుని నేర్చుకున్నాకే వెళ్లాలి అని. పెనాల్టీ సర్వర్ ఆగితే మాత్రమే వేస్తున్నారు. మనిషి వెళ్లిపోతే ఎవరూ వేయడం లేదు.


పెన్షన్_సెక్షన్

ఇంత మంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులుగా నోట్ రాస్తున్నాను.

బదిలీలు, పోస్టుల సంగతి టెండర్ కన్నా ముందే ఉత్తర్వుగా ఇవ్వాలని రాశాను. కంపెనీ పని మొదలుపెట్టాక కనీసం ఏడాది పాటు 14 మందిలో ఎవరినీ కదిలించొద్దని రాశాను. ఆ తర్వాత కూడా కోడ్ చదవగలిగినవాళ్లు ముగ్గురు శాఖలోనే ఉండాలి, చేంజ్ రిక్వెస్టుల మీద వాళ్ల సంతకం లేకుండా బిల్లు పాస్ కాకూడదు. కౌంటర్ సిబ్బంది తమ సొంత పాత కేసులతో నెల రోజులు పరీక్షించాలి, సంతకం పెట్టను అనే హక్కు వాళ్లకు ఉండాలి. కౌంటర్_నంబర్_4 గారూ, ఆ చివరి మాట మీ వల్లే చేరింది. నెల రోజులు ఎక్కువ అంటారని తెలుసు. ఆ నెల కోసం గట్టిగా నిలబడతాను.

ఒక్కచోట ఆగిపోయాను. సూటిమాట గారు అన్నది నిజమే, మా సెక్షన్‌లోనూ సొంత పుస్తకాలున్నాయి. వాటిని అధికారికంగా అడిగితే కొందరు భయపడతారు, రూల్‌లో లేనిది చేశారని మెమో వస్తుందేమోనని.


ఇరవయ్యేడేళ్లు

వస్తుంది కూడా. నాకు తెలిసి ఒకరికి వచ్చింది. ఆ పుస్తకంలో ఉన్నదాని మీద ఎవరి పైనా చర్య ఉండదని మీ శాఖాధిపతి సంతకంతో ఒక సర్క్యులర్ తెప్పించండి. నాలుగు లైన్లు చాలు.


సూటిమాట

దీనికి నేనూ మద్దతిస్తాను. ఇచ్చే పుస్తకానికి రసీదు ఇవ్వండి. ఎవరు ఇచ్చారో పేరు రికార్డులో ఉండాలి, అది వాళ్ల పని అని తెలియాలి.


మైగ్రేషన్_మనిషి

ఒక ప్రశ్న. ఆ 14 మందిలో ముందుగా రిటైర్ అయ్యేది ఎవరు, ఎప్పుడు?


పెన్షన్_సెక్షన్

ఇద్దరున్నారు. ఒకరు వచ్చే నెలాఖరుకు, ఇంకొకరు ఆ తర్వాత మూడు నెలలకు. మొదటాయనే మా సాఫ్ట్‌వేర్ తొలి ప్రోగ్రామ్ రాసినవారు.


మైగ్రేషన్_మనిషి

అయితే నోట్ పాస్ అయ్యేదాకా ఆగకండి. కంపెనీ వచ్చేసరికి ఆయన ఉండరు. డేటాబేస్‌లోని టేబుల్స్ జాబితా ప్రింట్ తీసుకుని ఆయన పక్కన కూర్చోండి. ఒక్కో కాలమ్ చూపించి, "ఇందులో మాన్యువల్‌లో లేనిది ఏదైనా వేశారా?" అని అడగండి. ఆయన చెబుతుంటే ఇంకొకరు రాసుకోవాలి. రోజుకు రెండు గంటలకు మించి వద్దు, అలసిపోతే చిన్నవి వదిలేస్తారు.


పెన్షన్_సెక్షన్

ఇవాళ సాయంత్రం ఆయనతో మాట్లాడాను. ముందు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇన్నేళ్లలో ఇది అడిగింది నువ్వే" అన్నారు. సర్క్యులర్ వచ్చేదాకా పుస్తకం ఇవ్వనన్నారు, నోటితో మాత్రం చెబుతానన్నారు. సోమవారం పదింటికి మొదలుపెడుతున్నాం. 212 టేబుల్స్ ఉన్నాయి.